సగం తోక

పోలవరం దాటుతుండగా బెహరా గారి చేతిలో
యోకు బిగుసుకుపోయింది.
ముందుకి పోదు, వెనక్కి రాదు,
తుప్పు పట్టిన కాలవ లాకులాగ.
నా వైపుదీ అంతే.
రెంటినీ కలిపేది లోపల ఒక కడ్డీ.
యోకంటే కాడే కదా,
ఒక ఎద్దు మొరాయిస్తే రెండోదీ ఆగుతుంది.

వెనక అరవైనాలుగు మంది.
ఎస్తేరు టీ కప్పులు ఏరుకుంటోంది.

"పుస్తకం తియ్యి," అన్నారు.
తీశాను, చదివాను.
నా గొంతు పక్క గదిలోంచి వస్తున్నట్టుంది.
ఇద్దరూ ఎదురెదురు దిశల్లో బలం పెట్టాలి,
కడ్డీ విడిపోయేదాకా.

నేను లాగాను, ఆయన తోశారు.
యాభై కిలోల బస్తా ఒంటిచేత్తో ఎత్తినట్టు
భుజం కీలు దగ్గర నిప్పు.
ఎక్కడో తోకలో, మాకు కనబడని చోట,
ఫట్‌మంది.
పసుపు దీపమొకటి వెలిగింది.

ఆయనది ఇంకా రాయే.
నాది కదిలింది.

ఆయనవి తొమ్మిది వేల గంటలు.
నావి మూడొందల పన్నెండు.
"యువర్ కంట్రోల్," అన్నారు,
రోజుకి నాలుగుసార్లు అనేమాటే.
అన్నాక ఆ చేతులు కాసేపు
ఒళ్ళో ఊరికే ఉన్నాయి,
పెళ్ళిలో పని చెప్పని చుట్టాల్లాగ.
తర్వాత రేడియో అందుకున్నాయి.

మధురపూడి టవరు ఆత్మలెన్ని అని అడిగింది.
అలాగే అడుగుతారు.
అరవై ఎనిమిది, అన్నారాయన.
ఆ ఎనిమిదిలో నేనున్నానని
అప్పుడే గుర్తొచ్చింది.

నేల మీదికి పోయేముందు
గాల్లో ఒకసారి దిగి చూడాలి.
దక్షిణానికి తిప్పాను, మెల్లగా, చాలా మెల్లగా.
ధవళేశ్వరం దగ్గర నది రెండుగా విడిపోయింది.
అప్పుడు నాకే పోలికా తోచలేదు.
ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది గానీ
ఆ పూట నేను చూసింది వేగం ముల్లొక్కటే.

నాలుగువేల అడుగుల దగ్గర
లేని రన్‌వే ఒకటి ఊహించుకుని
దాని మీదికి దిగాను, లేచాను, మళ్ళీ దిగాను.
కింద చెరువులు పలకల్లాగ,
తాటిపాకలో గ్యాసు మంట,
చివర సముద్రం గోధుమరంగు అంచు.

సగం తోక మాట ఆలస్యంగా వింటుంది.
అడిగి ఆగాలి.
వినలేదని మళ్ళీ అడిగితే
రెండు మాటలూ ఒక్కసారే వింటుంది.
సఖినేటిపల్లి రేవులో పంటు నడిపేవాళ్ళు
ఒడ్డు ఇంకా దూరముండగానే ఇంజను తగ్గించేసి
బీడీ వెలిగించుకునేవారు.
చిన్నప్పుడు అది బద్ధకమనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బెహరా గారు
రొయ్యల కాటా దగ్గర గుమస్తాలా
అంకెలు చదువుతూ కూచున్నారు.
నూట ఇరవై. నూట పద్దెనిమిది.
నూట పద్దెనిమిది. కొంచెం తక్కువ. బావుంది.
సలహా ఒక్కటీ ఇవ్వలేదు.
అంత కష్టమైన పని ఆయన చెయ్యగా
నేను మళ్ళీ చూడలేదు.

గట్టిగానే దిగింది.
వెనకెవరో "ఓర్నాయనో" అన్నారు.
ఫైరింజన్లు మా పక్కనే పరిగెత్తాయి, ఏ పనీ లేకుండా.

కొమరగిరిపట్నం ఆయనొకడు
నలభై నిమిషాలు లేటని ఎస్తేరు మీద ఎగిరి,
మెట్లు దిగుతూనే ఫోన్లో అరుస్తున్నాడు:
"ఒరే, మూడో చెరువులో తెల్ల నురగ లేదేంట్రా?
ఏరేటర్లు ఆగిపోయాయి, పైనుంచి చూశాను,
రెండుసార్లు చూశాను, పరిగెత్తు!"

ఇంజనీరు టార్చి పట్టుకుని తోకలోకి ఎక్కాడు.

బెహరా గారు లాగ్ పుస్తకంలో
మూడే లైన్లు రాశారు.
దించినవారు అన్నచోట పెన్ను ఆగింది.
ఏడాదిగా పక్క పక్క సీట్లలో కూచుంటున్నాం.
"ప్రసూనా," అన్నారు తలెత్తకుండా,
"ఇంటిపేరు పూర్తిగా చెప్పమ్మా."

నడకుదుటి, అన్నాను.
నిదానంగా, ఒక్కో అక్షరం.
ఆయన పెన్ను వణుకుతోంది మరి,
అడిగి ఆగాలి.